ఉన్మాదమూ, లోకజ్ఞానమూ

1

"లోకజ్ఞానం" అన్న మాటను మనం చాలా తేలికగా వాడుతూవుంటాం. ఎదుటి మనిషి ముఖం చూసి మనసు పసిగట్టడం, మాట వెనక దాగిన మాటను పట్టుకోవడం, ఎక్కడ మాట్లాడాలో ఎక్కడ ఊరుకోవాలో తెలిసివుండడం - వీటన్నిటికీ కలిపి మనవాళ్లు పెట్టుకున్న పేరు అది. అది పుట్టుకతో వచ్చే గుణమని మన నమ్మకం. మతి చెడినవాడికి అది పోతుందనీ, ఒకసారి పోయిన తరవాత తిరిగి రాదనీ కూడా మన నమ్మకం. ఈ నమ్మకాలు ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి ఒట్టి తర్కం చాలదు, చరిత్ర చూడవలసివుంటుంది. స్కిజోఫ్రీనియా అనే జబ్బుకు గురైనవాళ్లకు సామాజికమైన అవగాహనను శిక్షణద్వారా తిరిగి కలిగించడానికి గత రెండు వందల ఏళ్లుగా జరిగిన ప్రయత్నాలను ఈ వ్యాసంలో పరిశీలించదలిచాను.

నేను వైద్యుణ్ణి కాను. తెలుగు సాహిత్యం చదువుకుని కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ విషయంలో వేలు పెట్టడానికి నాకు రెండు కారణాలున్నాయి.

మొదటిది ఇంటి విషయం. మా చిన్నమామయ్యకు పాలిటెక్నిక్ చదువుతుండగా ఇరవయ్యో ఏట ఈ జబ్బు వచ్చింది. నా చిన్నతనమంతా ఆయన మా ఇంట్లోనే ఉన్నాడు. మందులు వాడిన తరవాత చెవుల్లో వినిపించే గొంతులు తగ్గాయి. అయినా మనుషుల మధ్య మసలడం ఆయనకు చేతకాలేదు. మా అమ్మ "ఒరే, అన్నం చల్లారిపోతున్నదిరా" అంటే, "అవునక్కా, చల్లారుతుంది" అని అక్కడే కూచునేవాడు. వీధి అరుగు మీద ఎవరైనా నవ్వుకుంటే తనను చూసే నవ్వుతున్నారనుకుని గొడ్లసావిట్లోకి పోయేవాడు. "నిన్ను చూసి కాదు మామయ్యా" అని నేనే ఒకసారి సర్దిచెప్పాను. కాని ఆనాడు మా పిల్లలమంతా నవ్వింది ఆయన్ను చూసే. ఆయన ఊహ నిజం, నా మాట అబద్ధం.

రెండోది వృత్తి విషయం. ఏటా బి.ఏ. విద్యార్థులకు అభిధ, లక్షణ, వ్యంజన అనే శబ్దవ్యాపారాలు బోధిస్తాను. "అన్నం చల్లారిపోతున్నది" అన్న వాక్యానికి వాచ్యార్థం అన్నంలో వేడి తగ్గుతున్నదని, వ్యంగ్యార్థం లేచి వచ్చి తినమని. ఈ ఉదాహరణను ఎన్నోసార్లు నల్లబల్ల మీద రాశాను. అది మా ఇంటినుంచి తెచ్చుకున్నదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. వ్యంగ్యాన్ని గ్రహించే శక్తి సహృదయుడిదని మన ఆలంకారికులు అన్నారు. జబ్బువల్ల ఆ శక్తి దెబ్బతిన్న మనిషికి దాన్ని ఎవరైనా మళ్లీ నేర్పారా అన్న ప్రశ్నే నన్ను ఈ చరిత్రలోకి దింపింది.

2

ఉన్మాదుల సంకెళ్లు తెంచిన మహనీయుడిగా ఫ్రెంచి వైద్యుడు ఫిలిప్ పినెల్ పేరు ప్రసిద్ధం. రోబేర్ ఫ్లూరీ అనే చిత్రకారుడు 1876లో వేసిన పటంలో పినెల్ హుందాగా నిలబడివుంటే ఒక స్త్రీ నడుముకున్న గొలుసును ఎవరో విప్పుతూవుంటారు. ఆ విప్పే పనివాడివంక చూసేవాళ్లు తక్కువ. చరిత్రలో నిజంగా ఆ పని మొదలుపెట్టినవాడు పుస్సాన్. అతను తోళ్లు ఊనే వృత్తివాడు. గండమాల జబ్బుతో పారిస్‌లోని బిసెత్ర్ ఆసుపత్రిలో రోగిగా చేరి, నయమైన తరవాత అక్కడే కొలువు కుదిరి, ఉన్మాదుల విభాగానికి పైవిచారణకర్త అయినాడు. రోగులను కొట్టకూడదని సేవకులను కట్టడి చేశాడు. కోలుకున్న రోగులనే సేవకులుగా తీసుకున్నాడు. బిసెత్ర్‌లో రోగుల గొలుసులను 1797లో తీయించింది అతనే. అప్పటికి పినెల్ వేరే ఆసుపత్రికి మారి రెండేళ్లయింది. పినెల్ నిజాయితీ కలవాడు కనుక పుస్సాన్ దగ్గర తాను నేర్చుకున్నానని స్వయంగా రాశాడు. పటాలు వేసినవాళ్లకూ, పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లకూ ఆ నిజాయితీ లేకపోయింది.

ఉన్మాది మాటకు స్పందిస్తాడనీ, మర్యాద చూపితే మర్యాదగా మెలగుతాడనీ పుస్సాన్ కనిపెట్టాడు. రోగి వార్డునుంచి వచ్చినవాడు కనుకనే అతనికది కనబడింది. రోగిలో సామాజిక ప్రాణి ఇంకా బతికేవున్నాడన్న ఈ గుర్తింపు మీదనే తరవాతి శిక్షణలన్నీ నిలబడివున్నాయి.

ఇంచుమించు అదే కాలంలో, 1796లో, ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో విలియం ట్యూక్ అనే క్వేకరు వర్తకుడు "రిట్రీట్" అనే ఆశ్రమాన్ని తెరిచాడు. అంతకు ఆరేళ్ల ముందు అదే పట్టణపు పిచ్చాసుపత్రిలో ఒక క్వేకరు స్త్రీ దిక్కులేని చావు చావడం దానికి ప్రేరణ. అక్కడ రోగులకు తేనీటి విందులు జరిగేవని ట్యూక్ మనమడు 1813లో ప్రచురించిన గ్రంథం వర్ణిస్తున్నది. ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని, ఒకరికొకరు వడ్డించుకుంటూ, మర్యాదలో ఒకరితో ఒకరు పోటీపడుతూ రోగులు సాయంకాలం గడిపేవారు. సామాజిక వ్యవహారంలో శిక్షణ అని ఈనాడు మనం పిలిచేదానికి ఇది తొలి రూపాలలో ఒకటి.

దీని మీద మిషెల్ ఫూకో 1961లో తీవ్రమైన విమర్శ చేశాడు. గొలుసు స్థానంలో చూపు వచ్చిందనీ, విందులో కూచున్న రోగి ఎప్పటికీ ఇంటివాడు కాలేని అతిథి అనీ, కనిపెట్టి చూసేవాళ్ల ఎదుట బుద్ధిమంతుడిగా నటించవలసిన అవస్థలో అతన్ని పెట్టారనీ దాని సారాంశం. ఈ విమర్శలో నిజముంది. తేనీటి బల్ల మర్యాదలు వర్తకవర్గపు మర్యాదలు. కాని గొలుసుకూ తేనీటి బల్లకూ తేడా లేదని చెప్పగలిగేవాడు గొలుసు ఎరగనివాడే అయివుంటాడు. ఈ రెండు నిజాలనూ ఒకేసారి చేత పట్టుకుని నడవకపోతే మనకు ఈ చరిత్ర అర్థంకాదు.

3

పంతొమ్మిదో శతాబ్దం గడిచేకొద్దీ రిట్రీట్ వంటి చిన్న ఆశ్రమాల స్థానంలో వేలాదిమందిని కుక్కే ఆసుపత్రులు వచ్చాయి. పారిశ్రామిక నగరం పనికి పనికిరానివాణ్ణి ఇంట్లో ఉండనివ్వలేదు. వలసపాలకులు ఆ గోడలనే మన దేశానికీ తెచ్చారు. 1858లో ఉన్మాదుల ఆసుపత్రుల చట్టం చేశారు. తెల్లవాళ్లకొక వసతి, నల్లవాళ్లకొక వసతి ఏర్పాటు చేశారు. స్వాతంత్ర్యానికి ముందు, 1946లో, భోర్ కమిటీ లెక్క చూస్తే దేశం మొత్తం మీద మానసిక రోగులకున్న పడకలు సుమారు 10 వేలు. శిక్షణ సంగతి అటుంచి, గోడ కూడా అందరికీ అందలేదు.

ఆ ఆసుపత్రులలో ఏళ్ల తరబడి పడివున్న రోగులను చూసే జర్మన్ వైద్యుడు క్రేపెలిన్ 1890లలో ఈ జబ్బును యౌవనంలో మొదలై క్రమంగా బుద్ధిని తినేసే క్షీణరోగంగా వర్ణించాడు. స్విట్జర్లాండులో ఆయిగెన్ బ్లాయిలర్ అందుకు పూర్తిగా ఒప్పుకోలేదు. ఆయన రైనావ్ ఆసుపత్రిలో పన్నెండేళ్లపాటు రోగులతో కలిసి బతికినవాడు. అందరూ క్షీణించరనీ, ఆలోచనకూ భావానికీ మధ్య ఉండే కూర్పు విడిపోవడమే ఈ జబ్బు లక్షణమనీ చెప్పి, 1908లో దానికి స్కిజోఫ్రీనియా అని పేరు పెట్టాడు. ఒకే మనిషిలో ఇద్దరు మనుషులుండడం అని సినిమాలు ప్రచారం చేసిన అర్థం దీనికి లేదు. రోగి తన లోపలి ప్రపంచంలోకి ముడుచుకుపోయి మనుషులతో సంబంధం తెంచుకోవడాన్ని బ్లాయిలర్ ముఖ్యలక్షణంగా గుర్తించాడు. అంటే సామాజికమైన అవగాహన అన్న సమస్య ఆ పేరు పుట్టినప్పుడే దానితోపాటు పుట్టింది.

క్షీణించేవాడు, నయంకానివాడు అన్న ముద్ర ఎక్కడికి దారితీసిందో జర్మనీ చూపింది. హిట్లరు ప్రభుత్వం 1933లో చేసిన చట్టం బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేయవలసిన వ్యాధుల జాబితాలో స్కిజోఫ్రీనియాను చేర్చింది. 1939లో రోగులను చంపే కార్యక్రమం ఆరంభమైంది. ఆసుపత్రులకు పంపిన పత్రాలలో రోగి ఏ పని చేయగలడు అన్నది ముఖ్యమైన ప్రశ్న. 1941 ఆగస్టులో ఆ కార్యక్రమాన్ని పైకి ఆపివేసేనాటికి 70 వేలమందికి పైగా విషవాయువుకు బలి అయినారు. ఆ తరవాత కూడా ఆకలితో, మందులతో చంపడం సాగింది. మనిషి విలువను అతని పని విలువతో కొలిచే ఆర్థికవ్యవస్థ తన తర్కాన్ని చివరిదాకా నడిపిస్తే ఏమవుతుందో ఇక్కడ తేటతెల్లమయింది.

యుద్ధం తరవాత మరొక ప్రశ్న తలెత్తింది. ఆసుపత్రిలో ఇరవై ఏళ్లు పడివున్న రోగి మొద్దుబారి, మాటాడక, ముఖంలో భావం లేక కనిపిస్తాడే, అందులో జబ్బు పాలెంత, ఆసుపత్రి పాలెంత? ఇంగ్లండులో జాన్ వింగ్, జార్జి బ్రౌన్ అనే పరిశోధకులు మూడు ఆసుపత్రులలో దీర్ఘకాలం ఉన్న స్కిజోఫ్రీనియా రోగులను 1960 నుంచి 1968 వరకు పరిశీలించి, 1970లో ఫలితాలు ప్రకటించారు. ఏ ఆసుపత్రిలో సామాజిక జీవితం బీదగా ఉందో అక్కడి రోగులే ఎక్కువ ముడుచుకుపోయి కనబడ్డారు. పరిసరాలు మెరుగైనప్పుడు రోగులూ మెరుగైనారు. అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది రోగి ఏ పనీ లేకుండా ఊరికే కూచునే గంటలు తగ్గడం. జబ్బు లేదని వాళ్లు అనలేదు. జబ్బు మీద గోడ మరొక జబ్బును పెంచిందని లెక్కలతో నిరూపించారు.

4

1952లో పారిస్‌లో డెలే, డెనికెర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే మందును వాడి చూశారు. అంతకు ముందు ఇన్సులిన్‌తో స్మారకం పోగొట్టడం, మెదడు నరాలను కోయడం ఘనమైన చికిత్సలుగా చలామణి అయినాయి. మెదడు కోతకు 1949లో నోబెల్ బహుమతి కూడా దక్కింది. వాటితో పోలిస్తే ఈ మందు నిజమైన ముందడుగు. భ్రమలు తగ్గాయి, గొంతులు సద్దుమణిగాయి. మందులను నిందించడం అభ్యుదయమనుకునే మిత్రులు కొందరున్నారు. వాళ్లతో నాకు పేచీ. మా ఇంట్లో మందు లేని రోజులు ఎట్లా ఉండేవో నేను చూశాను.

అయితే మందు వల్ల గొంతులు తగ్గినవాడికి ఎదుటివాడి గొంతులోని భావం తెలియడంలేదు. ఈ లోటు పూడ్చడానికి వేరే సాధనం కావలసివచ్చింది. పైగా ఎవరికి ఏ సాధనం దొరుకుతుందన్నది కూడా జబ్బు మీద ఆధారపడలేదు. అమెరికాలోని న్యూహేవెన్ పట్టణంలో హాలింగ్స్‌హెడ్, రెడ్లిక్ అనే ఇద్దరు చేసి 1958లో ప్రకటించిన పరిశోధన ప్రకారం కలిగినవాళ్లకు మాటలతో చికిత్స దొరికింది, పేదవాళ్లకు విద్యుద్ఘాతం, మందు, లేదా ఒట్టి నిర్బంధం దక్కాయి.

కొత్త దారి వేసినవాళ్లలో మొదట చెప్పుకోవలసింది రోగులనే. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక ఆసుపత్రినుంచి బయటపడిన కొందరు 1940లలో "మేము ఒంటరివాళ్లం కాము" అన్న అర్థం వచ్చే పేరుతో సంఘం పెట్టుకున్నారు. అదే 1948లో ఫౌంటెన్ హౌస్ అయింది. వంట, లెక్కలు, శుభ్రం, అతిథి మర్యాద అన్నీ అక్కడ సభ్యులే సిబ్బందితో కలిసి చేస్తారు. మనుషుల మధ్య మెలగడాన్ని వాళ్లు పాఠంగా నేర్వలేదు, పనిలో నేర్చుకున్నారు.

విశ్వవిద్యాలయాలు మరొక దారి పట్టాయి. 1970లలో కాలిఫోర్నియాలో రాబర్ట్ లిబర్మన్ మొదలైనవాళ్లు సామాజిక నైపుణ్యాల శిక్షణను రూపొందించారు. అది ఇంచుమించు నాటకం రిహార్సలు వంటిది. డాక్టరును మందు గురించి అడగడం, పరిచయస్థుణ్ణి పలకరించడం, ఇష్టంలేనిదాన్ని మర్యాదగా కాదనడం - ఇట్లాంటి ఘట్టాలను ముందు ఒకరు చేసి చూపుతారు. తరవాత రోగి అభినయిస్తాడు. తోటివాళ్లు బాగోగులు చెబుతారు. ఇంటికి పోయి నిజజీవితంలో చేసి రమ్మంటారు. దీనివల్ల చాలామందికి మేలు జరిగింది. కాని ఒక చిక్కు బయటపడింది. నటుడికి తన సంభాషణ కంఠస్థం వచ్చినా, ఎదుటి పాత్ర కోపంగా ఉందో వేళాకోళం చేస్తున్నదో తెలియకపోతే ఆ సంభాషణ ఎప్పుడు పలకాలో తెలియదు. వ్యవహరించడానికి ముందు గ్రహించడం రావాలి. స్విట్జర్లాండులోని బెర్న్‌లో హాన్స్ బ్రెన్నర్ బృందం తమ శిక్షణను ఈ వరసలోనే పేర్చింది. ముందు ఆలోచనలో మెళకువ, తరవాత సామాజిక దృశ్యాలను చూసి అర్థంచేసుకోవడం, ఆ తరవాత సంభాషణ, నైపుణ్యాలు, సమస్యలు పరిష్కరించుకోవడం.

5

ఇక్కడ సోవియట్ మనస్తత్వవేత్త విగోత్‌స్కీని తలచుకోవాలి. క్షయతో 1934లో చిన్నవయసులోనే చనిపోయిన ఆయన స్కిజోఫ్రీనియా రోగుల ఆలోచనాసరళి మీద కూడా పరిశోధన చేశాడు. మనిషి ఉన్నతమైన మానసిక శక్తులన్నీ మొదట మనుషుల మధ్య పుట్టి, ఆ తరవాతే మనిషి లోపలికి చేరతాయని ఆయన సిద్ధాంతం. ఇది నిజమైతే మనుషుల మధ్యనుంచి వెలివేయబడినవాడిలో ఆ శక్తులు బలహీనపడడంలో వింత లేదు. మనుషుల మధ్యనే వాటిని తిరిగి పెంపొందించవచ్చునన్న ఆశ కూడా ఇందులోనే ఉంది.

పాశ్చాత్య పరిశోధన ఇదే చోటికి వేరే దారిన చేరింది. ఎదుటివాడికి కూడా మనసుందనీ, దానిలో నాకు తెలియని నమ్మకాలుండవచ్చుననీ ఊహించే శక్తిని గురించి 1978లో ప్రెమాక్, వుడ్రఫ్ అనే ఇద్దరు చింపాంజీల సందర్భంలో చర్చ లేవదీశారు. 1992లో క్రిస్ ఫ్రిత్ ఆ ఊహను స్కిజోఫ్రీనియాకు అన్వయించి, తన మనసునూ పరుల మనసునూ గ్రహించడంలో వచ్చే లోపంతో ఈ జబ్బు లక్షణాలను వివరించవచ్చునన్నాడు. మూడేళ్ల తరవాత ఆయనా, సహచరులూ ఒక పరీక్ష తయారుచేశారు. చిన్న చిన్న కథలు చెబుతారు. ప్రతి కథ చివరా ఒక పాత్ర సూచనగా ఒక మాట అంటుంది. ఆ మాటకు అసలు ఉద్దేశం ఏమిటని అడుగుతారు. దాని గురించి చదివినప్పుడు నేను కాసేపు పుస్తకం మూసి కూచున్నాను. అది మా ఇంటి అన్నం మాటే. వాచ్యార్థం తెలిసి వ్యంగ్యార్థం తెలియకపోవడాన్ని వాళ్లు కొలత వేసి చూశారు. మామయ్యది మొండితనమని మేమనుకున్న కాలమంతా నాకు గుర్తొచ్చింది.

ఆ కొలతల వెంట శిక్షణలు వచ్చాయి. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్‌లోని వోల్వర్ బృందం 2005లో ప్రకటించిన పద్ధతిలో ఇద్దరేసి రోగులు ఒక శిక్షకుడితో కూచుని, ఆరు వారాలలో పన్నెండు పాఠాలద్వారా ముఖంలోని భావాలు గుర్తించడం నేర్చుకుంటారు. కనుబొమ ముడి, పెదవి వంపు, కంటి వెడల్పు - ఒక్కొక్క అవయవాన్ని విడిగా చూసి, మాటల్లో చెప్పి, తరవాత మొత్తం ముఖాన్ని చదువుతారు. భరతుడు రసానికొక చూపు, భావానికొక కనుబొమ విధించాడని చదువుకున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

అమెరికాలోని ఉత్తర కరోలినాలో డేవిడ్ పెన్, ఆయన సహచరులు కూర్చిన శిక్షణ ఇంకొంచెం ముందుకు పోయింది. ఏడెనిమిదిమంది ఒక జట్టుగా ఇరవై వారాలపాటు కలుస్తారు. మొదటి భాగం భావాలను గురించి. రెండో భాగం తొందరపడి నిర్ణయానికి రాకుండా ఉండడం గురించి. ఒక దృశ్యం చూపి, ఇందులో కంటికి కనిపించిన వాస్తవం ఏది, మనం ఊహించినది ఏది అని విడదీయిస్తారు. మూడో భాగంలో జట్టులోని మనుషులు తమ జీవితంలోని ఘటనలనే తెచ్చి, "అతను నన్ను చూసి నవ్వాడనుకున్నాను, ఇంకేమైనా కావచ్చునా? ఎట్లా తెలుసుకోవాలి?" అని అందరితో కలిసి తరచి చూస్తారు. హాంబుర్గ్‌లో స్టెఫెన్ మోరిత్స్ బృందం తయారుచేసిన మరొక శిక్షణ కూడా తొందరపాటు నిర్ణయాల మీదనే గురిపెట్టింది. దాన్ని వాళ్లు ఎవరికైనా ఉచితంగా ఇస్తున్నారు. పిట్స్‌బర్గ్‌లో జెరార్డ్ హోగార్టీ 121 మందితో రెండేళ్లు సాగించి 2004లో ఫలితాలు ప్రకటించిన శిక్షణలో కంప్యూటరు అభ్యాసాలూ, జట్టు చర్చలూ కలిసివున్నాయి. హోగార్టీ వైద్యుడు కాడు, సామాజిక కార్యకర్తగా చదువుకున్నవాడు. పుస్సాన్ తరవాత రెండు శతాబ్దాలకు కూడా ఈ చరిత్రలో కీలకమైన అడుగు వేసినవాడు వైద్యవృత్తి బయటినుంచే వచ్చాడు.

ఫలితాలేమిటి? ముఖభావాలు గుర్తించడంలో ఇటువంటి శిక్షణవల్ల స్పష్టమైన మెరుగుదల కనబడింది. పరుల ఉద్దేశాలు ఊహించడంలో కొంత మెరుగుదల కనబడింది. తరగతి గదిలో నేర్చినది వీధిలోకీ, పనిలోకీ ఎంతవరకు వస్తుందన్నది మాత్రం అంత నిక్కచ్చిగా తేలలేదు. దీనికి తోబుట్టువువంటి మరొక శిక్షణ, జ్ఞాపకాన్నీ ఏకాగ్రతనూ పెంచేది, ఉన్నది. దాని మీద వచ్చిన పరిశోధనలను లండన్‌లో టిల్ వైక్స్ బృందం 2011లో కలిపి చూసింది. పని, పునరావాసం వంటివాటితో జోడించినప్పుడే ఆ శిక్షణ నిత్యజీవితంలో ఎక్కువ ఫలిస్తున్నదని తేలింది. ఈతకొట్టే సూత్రాలు ఎంత చెప్పినా చెరువు చూపకపోతే ఈత రాదు కదా!

6

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. "సరైన" సామాజిక అవగాహన అంటే ఏమిటి? దాన్ని నిర్ణయించేదెవరు?

ఈ శిక్షణలలో ఒక రకం పరీక్ష ఉంది. ఎవరో చేసిన పనికి ఉద్దేశం స్పష్టంగా తెలియని ఘటన చెప్పి, అది కావాలని చేసిందా, పొరపాటున జరిగిందా అని అడుగుతారు. కావాలనే చేశారని పదేపదే అనేవాడు పరులలో శత్రుత్వం ఊహించేవాడని తేలుస్తారు. ఒక ఘటన ఊహించుకోండి. కిరాణా కొట్టువాడు చిల్లర చేతిలో పెట్టకుండా బల్ల మీద పడేశాడు. ఎందుకు? అగ్రకులంలో పుట్టిన రోగి "హడావుడిలో ఉన్నాడు" అంటే మంచి మార్కు పడుతుంది. మాలపల్లెనుంచో మాదిగగూడెంనుంచో వచ్చిన రోగి "అంటుకోవడం ఇష్టంలేక" అంటే అది వ్యాధిలక్షణం కింద జమపడే ప్రమాదముంది. ఎవరిది నిజమైన లోకజ్ఞానం? నా అబద్ధాన్ని పట్టుకున్న మా మామయ్యకు ఆనాడు ఏ మార్కు వేసేవారు?

ఈ ప్రశ్న మనకు కూడా తగులుతుంది. సోవియట్ యూనియన్‌లో స్నెజ్నెవ్‌స్కీ నాయకత్వంలోని మాస్కో వైద్యులు "మందకొడి స్కిజోఫ్రీనియా" అనే పేరును విస్తారంగా వాడారు. ప్రభుత్వంతో విభేదించినవాళ్లకు ఆ పేరుతో మతిభ్రమణం అంటగట్టి ఆసుపత్రులలో నిర్బంధించారు. వ్యవస్థను సంస్కరించాలన్న కోరికే భ్రాంతిగా నమోదైంది. జీవశాస్త్రవేత్త జోరెస్ మెద్వదేవ్‌ను 1970లో అట్లాగే ఆసుపత్రిలో పెట్టారు. బహిష్కరణ తప్పదని తెలిసి 1983లో సోవియట్ మనోవైద్య సంఘం ప్రపంచ సంఘం నుంచి తనంతట తానే తప్పుకున్నది. విగోత్‌స్కీ పుట్టిన దేశంలో ఇది జరిగింది. శత్రువుల ప్రచారమని దీన్ని కొట్టివేయడం మన పత్రికల్లో చాలాకాలం ఆచారంగా ఉండేది. నిజం ఎవరి నోట వచ్చినా నిజమే. సామాజిక అవగాహనను రాజ్యమే నిర్వచించే చోట చికిత్స శిక్ష అవుతుంది.

దీన్ని చూపి, జబ్బే లేదనీ, ఉన్మాదం తిరుగుబాటేననీ అనే వాదం 1960లలో పడమటి దేశాల మేధావులలో బాగా చెల్లింది. ఆ వాదం వినసొంపుగా ఉంటుంది. రాత్రిళ్లు నిద్రలేక భయంతో వణికే మనిషికి మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఇటలీలో ఫ్రాంకో బసాలియా ఈ ఉచ్చులో పడలేదు. 1961లో గొరీజియా ఆసుపత్రిలోనూ, 1971 నుంచి త్రియెస్తెలోనూ ఆయన తలుపులు తెరిపించాడు. చికిత్స పేరిట అంతదాకా కూలి లేకుండా చాకిరీ చేసిన రోగులు సహకార సంఘంగా ఏర్పడి అదే పనికి కూలి తీసుకున్నారు. 1973లో రోగులూ కళాకారులూ కలిసి చేసిన పెద్ద నీలి గుర్రాన్ని ఊరేగింపుగా గేటు దాటించి పట్టణంలోకి తెచ్చారు. గేటు చాలక దాన్ని పగలగొట్టవలసివచ్చింది. 1978లో ఇటలీ పార్లమెంటు కొత్త పిచ్చాసుపత్రులు కట్టకూడదని చట్టం చేసింది. బసాలియా జబ్బును కాదనలేదు. జబ్బుతోపాటు రోగి మీద కప్పిన పేదరికాన్నీ, వెలినీ ముందు తొలగిస్తే తప్ప జబ్బు అసలు స్వరూపం తెలియదన్నాడు. రిచర్డ్ వార్నర్ 1985లో ఈ జబ్బు ఫలితాలను ఆర్థిక చరిత్రతో సరిపోల్చి, మహామాంద్యం రోజులలో కోలుకునేవాళ్లు తగ్గారని చూపాడు. శ్రమకు గిరాకీ ఉన్నప్పుడు రోగి మీద ఆశ కూడా ఉంటుంది.

నా అభిప్రాయం ఇది. శిక్షణ కావాలి. అది రోగి హక్కు. కాని లోకజ్ఞానం రోగి ఒక్కడికే నేర్పితే సగం పనే అవుతుంది. ముఖాలు చదవడం నేర్చుకున్నవాడికి చదవడానికి ముఖాలు కావాలి. అంటే పని, ఇల్లు, స్నేహం కావాలి. ఆ ముఖాలలో ఎగతాళి ఉంటే దాన్ని ఎగతాళిగానే గుర్తించే స్వేచ్ఛ కూడా అతనికుండాలి.

7

మన దేశంలో ఈ ఆలోచనకు మూలాలు లేకపోలేదు. 1950లలో అమృత్‌సర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి, రోగుల కుటుంబాలను రోగులతోపాటు ఉంచాడు. సాయంత్రాలు వాళ్లందరితో కూచుని జబ్బును గురించి మాట్లాడేవాడు. మద్రాసులో కీల్పాక్ ఆసుపత్రిని 1961 నుంచి 1978 వరకు నడిపిన డాక్టర్ శారదా మీనన్ 1984లో స్కార్ఫ్ సంస్థను స్థాపించి, పునరావాసాన్ని చికిత్సలో భాగంగా నిలబెట్టింది. బెంగుళూరు నిమ్హాన్స్ పరిశోధకులు 2011 నాటికి సామాజిక అవగాహనను కొలిచే పరీక్షలను మన దేశపు పరిస్థితులకు అనువుగా మలిచారు. పరదేశపు ముఖాల బదులు మన నటీనటుల ముఖాలతో భావపరీక్ష కూడా అక్కడే తయారైంది. 2014లో వెలువడిన ఒక పరిశోధన తమిళనాడు, గోవా, మహారాష్ట్రలలో 282 మంది మీద జరిగింది. స్థానికంగా తీసుకుని తర్ఫీదు ఇచ్చిన సామాన్య కార్యకర్తలు రోగుల ఇళ్లకు పోయి తోడ్పడితే, ఒట్టి ఆసుపత్రి చికిత్స కన్నా కొంత మేలు జరుగుతున్నదని అందులో తేలింది.

దీని పక్కనే మరొక చరిత్ర ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో పాకకు నిప్పంటుకుని 28 మంది మానసిక రోగులు చనిపోయారు. గొలుసులతో కట్టివేయబడినందువల్ల వాళ్లు పారిపోలేకపోయారు. పుస్సాన్ గొలుసులు తీయించి అప్పటికి 204 ఏళ్లు. 2017 నాటి మానసిక ఆరోగ్య రక్షణ చట్టం గొలుసులను నిషేధించింది, సమాజంలో బతికే హక్కునూ పునరావాస సేవలనూ కాగితం మీద గుర్తించింది. కాగితం మీది హక్కును జిల్లా ఆసుపత్రిదాకా నడిపించవలసినవాళ్లం మనం.

ఈ పనిలో తెలుగు చదువుకున్నవాళ్లకు కూడా పాత్ర ఉన్నదని నా నమ్మకం. సూచనార్థం ఏ భాషకా భాషకు వేరు. "చూద్దాంలెండి" అంటే ఎప్పుడు అవునని, ఎప్పుడు కాదని? "నువ్వు" నుంచి "మీరు"కు మారితే అది గౌరవమా, అలకా? దొర అన్నప్పుడు ఒక అర్థం, కూలి అన్నప్పుడు ఒక అర్థం వచ్చే మాటలు ఎన్ని? ఇవి తెలుగు పల్లెల్లోనుంచి, బస్తీల్లోనుంచి, అన్ని కులాల ఇళ్లలోనుంచి ఏరుకుని మనోవైద్యులతో కలిసి కూర్చవలసిన కథలు. ఇక మన కాలేజీల సంగతి. ఈ జబ్బు ఎక్కువగా మొదలయ్యేది మన విద్యార్థుల వయసులోనే. తరగతికి రావడం మానేసినవాడి పేరు హాజరుపట్టీలోనుంచి కొట్టివేయడం తప్ప, వాడు ఏమైనాడని మనలో ఎందరం అడిగాం?

ముప్పై అయిదేళ్లలో మా మామయ్యకు మందులిచ్చినవాళ్లున్నారు, మొక్కులు మొక్కినవాళ్లున్నారు, చేతులు కట్టివేసినవాళ్లూ ఉన్నారు. నేర్పినవాళ్లు లేరు. ఈ మధ్య సెలవులకు పోయినప్పుడు ఆయన పక్కన కూచుని టీవీలో పాత సినిమా చూస్తూ, "ఆవిడ ఎందుకట్లా చూసింది మామయ్యా?" అని అడగడం మొదలుపెట్టాను. ఇది శిక్షణ కాదని నాకు తెలుసు. రెండు మూడు రోజులు "ఏమో, నువ్వే చెప్పు" అన్నాడు. నాలుగో రోజు చాలాసేపు ఆలోచించి, "డబ్బు అడగడానికి సిగ్గుపడుతున్నదిరా" అన్నాడు. సరిగ్గా చెప్పాడు. ఆయన్ను ఆ ప్రశ్న అడగడానికి మాకు ఇన్నేళ్లు పట్టింది. అడగవలసినవాళ్లుగా జిల్లాకు కొందరిని నియమించి, జీతాలిచ్చి, పంపమని ప్రభుత్వాన్ని నిలదీయడానికి మనకు ఇంకెన్నేళ్లు కావాలి?